లోయరింగ్ స్ప్రింగులు వేస్తే మలుపుల్లో కారు నిజంగా బాగుపడుతుందా?

మీరు అడిగింది ఇదీ: ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ 1.5, నాలుగేళ్లకు దగ్గర పడుతోంది. ఇల్లు గుంటూరు బ్రాడీపేట, ఉద్యోగం విజయవాడ, రోజూ ఎన్‌హెచ్ 16 మీద రాకపోకలు, వీలైన ఆదివారం కొండవీడు ఘాట్. కారును 35 మి.మీ. కిందికి దించే స్ప్రింగులు మాత్రం మార్చి, షాకబ్జర్లు కంపెనీవే ఉంచితే మలుపుల్లో బండి మెరుగుపడుతుందా, హైవే మీద నిలకడ పెరుగుతుందా?

సూటిగా చెప్తాను. ఒరగడం కొంత తగ్గుతుంది. స్టీరింగ్ తిప్పగానే ముందు భాగం చురుగ్గా తిరిగినట్టు అనిపిస్తుంది. టైరుకు రోడ్డు మీద ఉండే పట్టు మాత్రం దాదాపు అంతే ఉంటుంది. గతుకుల రోడ్డు మీదైతే తగ్గుతుంది కూడా. మీ వాడకానికి 35 ఎక్కువండీ. 20–25 దగ్గర ఆగి, ఆ స్ప్రింగులకు సరిపోయే షాకబ్జర్లు కూడా కలిపి వేస్తేనే ఈ ఖర్చుకు అర్థం ఉంటుంది.

"కారు కిందికి దిగితే బరువు కేంద్రం దిగుతుంది, పట్టు పెరుగుతుంది" అనేది స్ప్రింగులు అమ్మేవాళ్ల మొదటి మాట. మాట నిజమే, మోతాదే చిన్నది. డ్రైవరుతో కలిపి కారు బరువు 1,300 కిలోలు, బరువు కేంద్రం నేల నుంచి 55 సెం.మీ. ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు అనుకుందాం. బాగా గట్టి మలుపులో, అంటే 0.8 జీ (పక్కకు తోసే బలం కారు బరువులో 80 శాతం) దగ్గర, లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి మళ్లే బరువు 1300 × 0.8 × 0.55 ÷ 1.5, అంటే సుమారు 381 కిలోలు. కారును 35 మి.మీ. దించితే అది 357 అవుతుంది. తేడా 24 కిలోలు. వెనక సీట్లో ఒక స్కూలు పిల్లాడి బరువంత. టైరు బ్రాండు మార్చినా, గాలి సరిగ్గా పెట్టుకున్నా ఇంతకంటే పెద్ద తేడా తెలుస్తుంది.

రెండో విషయం దీనికంటే ముఖ్యం, కానీ దీని గురించి షాపులో ఎవరూ మాట్లాడరు. మీ కారుకు ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్లు, అంటే స్ప్రింగు, షాకబ్జర్ ఒకటిగా కలిసిన ఏర్పాటు. మలుపులో బాడీ ఎంత ఒరుగుతుందనేది బరువు కేంద్రం ఎత్తు ఒక్కదానితో తేలదు. బరువు కేంద్రానికీ, బాడీ దేని చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ అనే ఊహా బిందువుకూ మధ్య ఎంత దూరం ఉందో దాన్ని బట్టి తేలుతుంది. ఆ దూరమే ఒరగగొట్టే మీట. స్ట్రట్ కార్లలో కారు దిగినప్పుడు చక్రాన్ని కింద బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ వాలు మారిపోతుంది, దాంతో రోల్ సెంటర్ బాడీ దిగినదానికంటే ఎక్కువ దిగిపోతుంది.

ఉదాహరణకు అంకెలు వేసి చూద్దాం. మొదట బరువు కేంద్రం 550, రోల్ సెంటర్ 80 మి.మీ. ఎత్తులో ఉన్నాయనుకుంటే మీట పొడవు 470. కారు 35 దిగితే బరువు కేంద్రం 515కు, రోల్ సెంటర్ 60 దిగి 20కి వస్తాయి. మీట 495 అయింది. కారు కిందికి దిగింది, కానీ దాన్ని ఒరగగొట్టే మీట 5 శాతం పొడవైంది! మరి ఒరగడం ఎలా తగ్గింది? స్ప్రింగు గట్టిపడటం వల్ల. స్ప్రింగు 25 శాతం గట్టిదైనా యాంటీ రోల్ బార్ (ఎడమ కుడి చక్రాలను కలిపి ఒరగడాన్ని ఆపే కడ్డీ) పాతదే కాబట్టి, ఒరగకుండా ఆపే మొత్తం బలంలో పెరుగుదల ఏ 12 శాతమో ఉంటుంది. పెరిగిన మీట పోగా ఒరగడంలో నికరంగా తగ్గేది 6–7 శాతం. ఇదే గట్టిదనంతో 50 మి.మీ. దించారనుకోండి, పెరిగిన మీట ఆ లాభంలో ఎక్కువ భాగాన్ని తినేస్తుంది. చూడటానికి నేలను అంటుకున్నట్టు ఉండి, మలుపులో దాదాపు కంపెనీ కారులాగే ఒరిగే బళ్లు కనిపించేది ఇందుకే. ఈ అంకెలు కారును బట్టి మారతాయి, దిశ మాత్రం మారదు.

కాబట్టి బాగుపరిచేది స్ప్రింగు గట్టిదనం. ఎత్తు తగ్గడం దానితో వచ్చే అలంకారం, కొంత దాటితే భారం. స్ప్రింగు ఎంచుకునేటప్పుడు డబ్బా మీద "35" అనే అంకె కంటే మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్లు అన్నది అడగండి. కంపెనీ స్ప్రింగు కంటే ఎంత శాతం గట్టిదో చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకండి. ప్రోగ్రెసివ్ స్ప్రింగులైతే ఒకే అంకె ఉండదు, మొదటి చుట్లు మెత్తగా, తర్వాతవి గట్టిగా ఉంటాయి. వాటికి మొదలు, చివర రెండు అంకెలూ తెలియాలి. ఊళ్లో వాడకానికి అవి బాగానే ఉంటాయి కానీ, మలుపు మధ్యలో మెత్తని చుట్లు మూసుకుపోయి గట్టివి పనిలోకి వచ్చే క్షణం స్టీరింగ్‌లో తెలుస్తుంది. ఘాట్ మీద నచ్చేది మొదటి నుంచి చివరిదాకా ఒకే గట్టిదనం ఉండే లీనియరే.

ఇప్పుడు అసలు సమస్య, బంప్ స్టాప్. షాకబ్జర్ కడ్డీ మీద పసుపు రంగులోనో నల్లగానో ఉండే ఫోమ్ ముక్క అది. చాలామంది దాన్ని చివర్లో లోహం లోహానికి కొట్టుకోకుండా ఆపే రబ్బరు అనుకుంటారు. ఇప్పటి కార్లలో అది రెండో స్ప్రింగు. కారు కొంత కుంగగానే తగులుతుంది, నలిగేకొద్దీ వేగంగా గట్టిపడుతుంది. కంపెనీ ఆ గట్టిదనాన్ని లెక్కలో పెట్టుకునే సస్పెన్షన్ ట్యూన్ చేస్తుంది.

మలుపులో బాడీ 4 డిగ్రీలు ఒరిగితే బయటి చక్రం దగ్గర సస్పెన్షన్ సుమారు 52 మి.మీ. కుంగుతుంది (750 మి.మీ.ను 4 డిగ్రీల టాన్‌తో గుణిస్తే వచ్చేది అదే). బంప్ స్టాప్ తగలడానికి ముందు మీ కారులో 60 మి.మీ. ఖాళీ ఉందనుకుందాం, సరిపోయింది. కారును 35 దించితే మిగిలేది 25. బంప్ స్టాప్‌లో 15 మి.మీ. కోసి తీస్తే 40. ఒరగడం 7 శాతం తగ్గినా కావలసింది 48. అంటే గట్టి మలుపు మధ్యలో బయటి చక్రం బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. ఆ క్షణం ఆ మూల స్ప్రింగు గట్టిదనం రెండు మూడు రెట్లు అవుతుంది. ముందు చక్రానికి జరిగితే బరువంతా ఒక్కసారిగా ఆ టైరు మీద పడి అది జారుతుంది, బండి మలుపు నుంచి బయటికి పోతుంది, అదే అండర్‌స్టీర్. వెనక చక్రానికి జరిగితే తోక బయటికి జారుతుంది. ఈఎస్‌సీ (జారే కారును బ్రేకులతో సర్దే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఆపుతుంది నిజమే, కానీ ఆపాల్సిన పరిస్థితి తెచ్చింది మీరు వేయించిన స్ప్రింగే.

"నేను 0.8 జీలో ఎందుకు పోతాను" అనవచ్చు. పోరు, పోకూడదు కూడా. కానీ కొండవీడు ఘాట్ మీద 0.4 జీలో మలుపు తిరుగుతుంటే ఒరగడానికి 25 మి.మీ. ఎలాగూ పోతుంది. అక్కడే రోడ్డు మీద ఒక ప్యాచ్, అంచు విరిగిన తారు వస్తే దానికి ఇంకో 25 కావాలి. ఖాళీ అయిపోయింది. కనకదుర్గ వారధి మీది ఎక్స్‌పాన్షన్ జాయింట్లు (వంతెన పలకల మధ్య అతుకులు) దీనికి మంచి పరీక్ష. షాకులతో సరిపోలని గట్టి స్ప్రింగులున్న కారు ప్రతి జాయింటు దగ్గరా మొద్దుగా 'దబ్' మంటుంది. ఆ చప్పుడు చాలాసార్లు బంప్ స్టాప్‌దే. లైన్ మారుతూ జాయింటు దాటితే ఆ అరక్షణం చక్రం మీద బరువు ఎగిరి పడుతూ ఉంటుంది, పట్టు అప్పుడే జారుతుంది.

బంప్ స్టాప్ కోయాలా వద్దా, ఎంత కోయాలి అనేది స్ప్రింగు కిట్‌తో వచ్చే కాగితంలో ఉంటుంది, దాన్నే పాటించండి. కోయమంటే పైన మౌంటు వైపు లావు భాగం కోయాలి. కింద సన్నగా ఉండే కొస ఉంచాలి, మెత్తగా మొదలయ్యేది అదే. ఆటోనగర్‌లో కొందరు "ఖాళీ వస్తుంది సార్" అని మొత్తం తీసేస్తారు. అలా తీసేస్తే నెలల్లో షాకబ్జర్ లోపలి వాల్వు పగిలి నూనె కారుతుంది, స్ట్రట్ టాప్ మౌంటు చినుగుతుంది.

షాకబ్జర్ల సంగతి. స్ప్రింగు 30 శాతం గట్టిపడితే కారు ఊగే వేగం దాని వర్గమూలం మేరకు, అంటే 14 శాతం పెరుగుతుంది. మొదట సెకనుకు 1.3 సార్లు ఊగే బాడీ ఇప్పుడు 1.48 సార్లు ఊగుతుంది. ఆ ఊపును ఆపే షాకబ్జర్ పాతదే కాబట్టి దాని ఆధిపత్యం 12 శాతం తగ్గిపోయింది. అది కూడా కొత్త షాకబ్జర్ లెక్క. మీవి నాలుగేళ్లుగా మన ఎండల్లో, మన గతుకుల మీద తిరిగినవి, అప్పటికే కొంత బలం పోయి ఉంటాయి. ముఖ్యంగా కావలసింది రీబౌండ్, అంటే నలిగిన స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు పట్టి ఆపే బలం. అది చాలకపోతే వంతెన అప్రోచ్‌ల దగ్గర రోడ్డు దిగిపోయి ఉండే చోట 100 వేగంలో కారు ఒకసారి కుంగి, లేచి, మళ్లీ కుంగుతుంది. హైవే మీద నిలకడ కోసమే కదా మీరు ఈ పని అనుకున్నది. స్ప్రింగులు మాత్రం మారిస్తే అదే మొదట పోతుంది. మొదటి వారం గట్టిగా ఉంది కదా అని బాగుందనిపిస్తుంది, వేగంలో ఆ రెండో ఊపు తర్వాత పట్టుబడుతుంది.

పొట్టి స్ప్రింగుకు పొట్టి కడ్డీ ఉన్న షాకబ్జర్ కావాలి. ఉదాహరణకు బిల్‌స్టైన్‌లో బీ6 కంపెనీ ఎత్తుకు, బీ8 దించిన కార్లకు. మీ మోడలుకు, మీ ఇంజనుకు సరైన పార్ట్ నంబరు దొరికితేనే తీసుకోండి. 1.0 కారు ముందు ఇరుసు బరువు వేరు, 1.5 ది వేరు. యూరప్ కిట్‌ల కాగితాల మీద ఆ స్ప్రింగు ఎంత ఇరుసు బరువు దాకా పనికొస్తుందో రాసి ఉంటుంది. మీ కారు ప్లేటు మీద ఉన్న ఇరుసు బరువుతో పోల్చుకోండి. ఇంకో మెలిక: మన రోడ్ల కోసం కంపెనీలు ఇక్కడి కార్లను కొంచెం ఎత్తుగా దింపుతాయి. బయటి దేశపు మోడలు కోసం చేసిన "30" స్ప్రింగు ఇక్కడి కారుకు వేస్తే 40 దిగినా దిగవచ్చు. అందుకే డబ్బా మీది అంకెను నమ్మకుండా, వేయకముందే నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి. చదునైన నేల, అర ట్యాంకు పెట్రోలు, లోపల ఎవరూ ఉండకూడదు. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే చోట కొలవండి.

ఎత్తు మారితే అలైన్‌మెంట్ మారుతుంది. ముందు చక్రాల క్యాంబర్, అంటే ముందు నుంచి చూస్తే కనిపించే నిలువు వాలు, సుమారు అర డిగ్రీ లోపలికి వాలుతుంది, ఇది మలుపుల్లో మంచిదే. జనం "క్యాంబర్ వల్ల టైరు లోపలి అంచు అరిగింది" అంటారు కానీ, ఈ మాత్రం వాలు టైరును తినదు. తినేది టో, అంటే పై నుంచి చూస్తే చక్రం నేరుగా కాక లోపలికో బయటికో చూసే కోణం. కారు దిగినప్పుడు స్టీరింగ్ నుంచి చక్రానికి వచ్చే టై రాడ్, లోయర్ ఆర్మ్ వేర్వేరు వంపుల్లో కదులుతాయి కాబట్టి టో కూడా మారుతుంది. ఒక చక్రం అర డిగ్రీ పక్కకు చూస్తూ ఉంటే కిలోమీటరుకు దాదాపు 8.7 మీటర్లు పక్కకు ఈడ్చుకుంటూ పోయినట్టు లెక్క. గుంటూరు–విజయవాడ రోజువారీ తిరుగుడులో కొన్ని వేల కిలోమీటర్లకే టైరు లోపలి అంచు నున్నగా అయిపోతుంది, బయటి నుంచి చూస్తే తెలియదు. ఇదే కారణంతో బంప్ స్టీర్ కూడా పెరుగుతుంది: ఒక చక్రం గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ తిప్పకుండానే కారు కొంచెం పక్కకు లాగుతుంది. 20–25లో ఇది పెద్దగా తెలియదు, 40 దాటితే చేతులకు తెలుస్తుంది.

వెనక వైపు కథ తేలిక. అక్కడ ఉన్నది రెండు చక్రాలనూ కలిపే ట్విస్ట్ బీమ్ అనే ఉక్కు దూలం. దానికి క్యాంబర్, టో హబ్‌లోనే స్థిరంగా ఉంటాయి, ఎత్తు మారినా పెద్దగా కదలవు, సర్దే బోల్టులూ లేవు. అలైన్‌మెంట్ షాపులో "వెనకది కూడా సెట్ చేశాం" అని బిల్లు వేస్తే ఎలా చేశారో అడగండి.

ఇక నేల ఎత్తు. వర్టస్‌కు కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ ఖాళీగా 179 మి.మీ., పూర్తి బరువుతో 145. అంటే మనుషులు, సామాను ఎక్కితే కారు 34 మి.మీ. కుంగుతోంది. 35 దించి, స్ప్రింగు 25 శాతం గట్టిదైతే బరువుకు కుంగేది 27 అవుతుంది. 179 నుంచి 35, 27 తీసేస్తే 117. బ్రేకు వేస్తూ ఎక్కితే ముందు భాగం ఇంకో 15–20 దిగుతుంది.

స్పీడ్ బ్రేకర్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఉంది: వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెం.మీ., 17 మీటర్ల వ్యాసార్ధపు వంపు. మీ కారు వీల్‌బేస్ 2,651 మి.మీ. ఆ వంపు మీద ముందు, వెనక చక్రాలు రెండూ ఉన్నప్పుడు మధ్యలో హంప్ పైకి పొడుచుకొచ్చేది 52 మి.మీ. మాత్రమే. అంటే ప్రమాణం ప్రకారం కట్టిన బ్రేకర్ మీద 117 ఉన్న కారు కూడా హాయిగా దాటుతుంది. చిక్కంతా కాలనీవాళ్లు సిమెంటుతోనో మిగిలిన తారుతోనో అడ్డంగా కట్టిన సన్నని గట్లతో. వెడల్పు అడుగున్నర, ఎత్తు ఐదారు అంగుళాలు. రెండు ఇరుసుల మధ్య ఆ ఎత్తంతా అలాగే నిలబడుతుంది. ఇంజను కింది గార్డు, మధ్యలో ఎగ్జాస్ట్ గొట్టం గీసుకునేది వాటికే. బ్రాడీపేట, అరండల్‌పేట అడ్డరోడ్లలో మీ ఇంటికి వెళ్లే దారిలో ఉన్నవాటిని ఒక స్కేలు పట్టుకెళ్లి కొలిచి చూడండి. వాటిలో అన్నిటికంటే ఎత్తైనది మీ పరిమితి. వానాకాలం రైల్వే అండర్‌బ్రిడ్జిల కింద నీళ్లు నిలిచినప్పుడు గాలి పీల్చే గొట్టం కూడా అంతే కిందికి దిగి ఉంటుందన్నది గుర్తుంచుకోండి.

డబ్బులు పెట్టకుండా ఎత్తు సంగతి తేల్చుకోవచ్చు. నలుగురు పెద్దవాళ్లను, డిక్కీలో సామానును ఎక్కించుకుని మీ రోజు దారంతా ఒకసారి తిరగండి. అప్పుడున్న ఎత్తు ఇంచుమించు 35 స్ప్రింగులతో మీరు ఒక్కరే పోతున్నప్పటి ఎత్తు. ఎక్కడెక్కడ గీసుకుందో తెలిసిపోతుంది. గట్టిదనం మాత్రం దీనితో తెలియదు.

బిగించే పనిలో జరిగే తప్పులు కొన్నే, కానీ అవే మళ్లీ మళ్లీ జరుగుతాయి. ముందు స్ట్రట్ తీయాలంటే, దాన్ని పట్టుకుని ఉండే హబ్ క్యారియర్ (చక్రం బేరింగు ఉండే భాగం) క్లాంపు చీలికను తెరిచే స్ప్రెడర్ కావాలి. ఫోక్స్‌వ్యాగన్ కార్లు చేసేవాళ్ల దగ్గర ఉంటుంది. అది లేక ఉలి పెట్టి సుత్తితో కొట్టేవాళ్ల చేతికి బండి ఇవ్వకండి. స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కిపెట్టాకే పై నట్టు విప్పాలి. ఇంపాక్ట్ గన్‌తో ఆ నట్టు తిప్పితే కడ్డీ కూడా గిరగిరా తిరిగి షాకబ్జర్ సీలు దెబ్బతింటుంది. పని ఒకటే కాబట్టి టాప్ మౌంట్లు, బేరింగులు కొత్తవి వేయించండి. పాతవే వేస్తే స్టీరింగ్ తిప్పినప్పుడు 'టక్' మనే చప్పుడు కోసం నెల తిరక్కుండా అదంతా మళ్లీ విప్పాలి. కోణం చూసి బిగించే సాగుడు బోల్టులు ఒకసారికే. కంపెనీ మార్చమన్న చోట కొత్తవే వేయాలి.

వెనక స్ప్రింగు షాకబ్జర్‌కు విడిగా ఉంటుంది. షాకబ్జర్ కింది బోల్టులు రెండు వైపులా విప్పి, జాక్ మీద బీమ్‌ను నెమ్మదిగా దించితే స్ప్రింగు చేతికి వస్తుంది. దించేటప్పుడు బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ లాగుకుపోకుండా చూడాలి. స్ప్రింగు కింద, పైన ఉండే రబ్బరు సీట్లు మర్చిపోతే అక్కడ రంగు లేచి తుప్పు పట్టి, ఏడాది రెండేళ్లలో చివరి చుట్టు విరుగుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా వదిలేసేది బుష్‌ల సంగతి. లోయర్ ఆర్మ్ బుష్‌లు, వెనక బీమ్ ముందు బుష్‌లు రబ్బరును లోహానికి అతికించినవి. అవి జారి తిరగవు, మెలిపడి తిరుగుతాయి. పాత ఎత్తులో బిగించిన బోల్టును అలాగే ఉంచి కారును 30 మి.మీ. దించితే ఆ రబ్బరు బండి ఆగి ఉన్నప్పుడు కూడా నాలుగైదు డిగ్రీలు మెలిపడే ఉంటుంది. స్ప్రింగుతో పోట్లాడుతుంది, త్వరగా చిరుగుతుంది. స్ప్రింగులు మార్చాక ఆ బోల్టులు వదులు చేసి, కారు బరువంతా చక్రాల మీద ఉండగా, అంటే ర్యాంపు మీదో డ్రైవ్-ఆన్ లిఫ్ట్ మీదో, కంపెనీ టార్క్‌తో బిగించాలి. రెండు స్తంభాల లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే పని చెడిపోయినట్టే.

పని అయ్యాక చక్రాలు వేలాడేలా జాక్ ఎత్తి, స్ప్రింగును చేత్తో కదిపి చూడండి. పూర్తిగా సాగిన స్థితిలో కూడా సీట్లో బిగుతుగా ఉండాలి. గలగల కదిలిందంటే ఆ స్ప్రింగు ఆ షాకబ్జర్‌కు పొట్టిదైంది, ఆ కారు రోడ్డెక్కకూడదు. 300–500 కిలోమీటర్లలో స్ప్రింగులు కూర్చుంటాయి. పని అయిన రోజు టో మాత్రం దగ్గరగా సర్దించి, పూర్తి అలైన్‌మెంట్ అప్పుడు చేయించండి. ముందు టో కంపెనీ విలువలకే పెట్టించండి. ముందు, వెనక సమానంగా దిగకపోతే హెడ్‌లైట్లు కూడా సర్దాలి: వెనక భాగం ముందుకంటే 10 మి.మీ. ఎక్కువ దిగితే వెలుగు 10 మీటర్ల దూరంలో దాదాపు 4 సెం.మీ. పైకి లేస్తుంది, ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

"కంపెనీ స్ప్రింగే ఒక చుట్టు కోసేద్దాం, వెయ్యిలో అయిపోతుంది" అనే సలహా కూడా మీకు వచ్చిందన్నారు. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి కోస్తే 20 శాతం గట్టిపడుతుంది, అది నిజమే. కానీ కోసిన కొస సీటు ఆకారంలో ఉండదు, ఒక్క బిందువు మీద కూర్చుంటుంది. చక్రం వేలాడినప్పుడు సీటు వదిలి పక్కకు జరుగుతుంది. గ్యాస్ మంటతో కోస్తే ఆ చుట్టుపక్కల ఉక్కుకు టెంపర్ పోతుంది, అక్కడే కుంగుతుంది లేదా విరుగుతుంది. వెయ్యి రూపాయలకు చేసే ఈ పని వంద వేగంలో వెళ్లే కారుకు పనికిరాదు.

ఎత్తు తగ్గించకుండా మీరు కోరిన గుణాలు తెచ్చుకునే దారి ఉంది, నా ఓటు మొదట దానికే. టైర్ల పక్కన డాట్ ముద్ర చివర నాలుగు అంకెలు చూడండి: 2322 అంటే 2022లో 23వ వారం. నాలుగేళ్ల టైరు మీద ఏ స్ప్రింగు వేసినా ఫలితం తెలియదు. అదే 205/55 ఆర్16 కొలతలో మంచి టైర్లు, పొద్దున చల్లగా ఉన్నప్పుడు సరిచూసిన గాలి, సరైన అలైన్‌మెంట్. గాలి మధ్యాహ్నం ఎండలో చూసి తగ్గించకండి, ప్రతి 5–6 డిగ్రీల వేడికి ఒక పీఎస్‌ఐ దానంతటదే పెరుగుతుంది. ఆ తర్వాత కంపెనీ ఎత్తులోనే గట్టి షాకబ్జర్లు నాలుగూ. వారధి జాయింట్లు, అప్రోచ్ ఊపులు, లైన్ మార్పులు, ఈ మూడింటిలో కారు అంత నిలకడగా ఉండటం 35 మి.మీ. స్ప్రింగులతో రాదు. ఒరగడం ఇంకా తగ్గాలంటే, మీ మోడలుకు దొరికితే, వెనక బీమ్‌కు అదనపు యాంటీ రోల్ బార్. ముందు చక్రాలు లాగే కారు మలుపులో బయటికి పోయే అలవాటు కూడా దానితో తగ్గుతుంది. తడి రోడ్డు మీద మాత్రం తోక తొందరగా కదులుతుంది కాబట్టి మధ్యస్థమైన గట్టిదనమే ఎంచుకోండి.

చట్టం సంగతి కూడా తెలిసి దిగండి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరించిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. వారంటీలో సస్పెన్షన్ భాగాల క్లెయిమ్ పోయినట్టే అనుకోండి. ఇన్సూరెన్సు కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పి జవాబు తీసుకోండి. పాత స్ప్రింగులు, షాకులు అమ్మకుండా దాచుకోండి.

కొనే ముందు చివరి కొలత ఒకటి చేయండి. ముందు షాకబ్జర్ల డస్ట్ బూట్ (కడ్డీని కప్పే తొడుగు) పైకి జరిపి, కడ్డీకి కింద సీలును ఆనుకునేలా ఒక ప్లాస్టిక్ జిప్ టై కట్టండి. బిగుతుగా ఉండాలి కానీ తోస్తే జరగాలి. వెనక షాకులకూ అలాగే. కారు నేల మీద నిలబడ్డాక, అంటే చక్రాల మీద బరువు పడ్డాక, టైలను మళ్లీ సీలు దాకా కిందికి తోసి, ఒక వారం మామూలుగా తిరగండి: వారధి, కాజ టోల్ ప్లాజా, ఇంటి దారి గట్లు, ఒకసారి ఘాట్. టై ఎంత పైకి జరిగితే సస్పెన్షన్ అంత కుంగినట్టు. అక్కడి నుంచి బంప్ స్టాప్ కింది కొస దాకా ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయో స్కేలుతో చూడండి. 25 గానీ అంతకంటే ఎక్కువ గానీ మిగిలితే 20–25 స్ప్రింగులు, వాటికి తగ్గ పొట్టి షాకులు వేసుకోవచ్చు. 10 నుంచి 25 మధ్య ఉంటే 20 మించకండి, అదీ కిట్ కాగితం బంప్ స్టాప్ కోయమని చెబితేనే. కంపెనీ ఎత్తులోనే 10 కంటే తక్కువ మిగిలినా, టై బంప్ స్టాప్‌ను తాకి ఉన్నా ఎత్తు ముట్టుకోకుండా షాకులు మార్చండి, స్ప్రింగుల డబ్బు టైర్లకు పెట్టండి.